అడవి మందు తెచ్చుకున్నాం... వెజ్జును వదిలేశాం

మొన్నామధ్య మా ఓపీకి ఒక పెద్దాయన వచ్చారు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. పన్నెండేళ్లుగా షుగర్. క్రమం తప్పకుండా మాత్రలు వేసుకునే మనిషి. ఈసారి కాళ్లు వాచి, రెండు రోజులుగా వాంతులతో నీరసించిపోయి వచ్చారు. రక్తపరీక్షలో క్రియాటినిన్ 5.8 ఉంది. నాలుగు నెలల కిందటి రిపోర్టులో అది 1.2. అంటే అప్పటికి కిడ్నీలు బాగానే ఉన్నాయి.

‘‘ఈ మధ్య కొత్తగా ఏమైనా మందులు వాడుతున్నారా?’’ అని అడిగాను. ఆయన ఏమీ లేవన్నారు. పక్కనే ఉన్న భార్య ఆగలేక, ‘‘ఆ పొడి సంగతి చెప్పండి’’ అన్నారు. సంచిలోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా బయటికి వచ్చింది. దాని మీద నెమలి ఈకల బొమ్మ, ‘అడవి మూలికలు’ అన్న మాట, ఒక ఫోన్ నంబరు. అంతే. అందులో ఏం కలిపారో లేదు, ఎవరు తయారుచేశారో లేదు.

‘‘ఇది ఇంగ్లిష్ మందు కాదు సార్. ఆదివాసీలది. కెమికల్స్ ఏమీ ఉండవు’’ అన్నారాయన.

‘‘ఎవరిచ్చారు?’’

‘‘ఫోన్‌లో చూసి మా అబ్బాయి తెప్పించాడు సార్. కొరియర్‌లో వచ్చింది.’’

పొడి మొదలుపెట్టాక షుగర్ మాత్రలు ఆపేశారు. షుగర్ అదుపు తప్పినంత మాత్రాన నాలుగు నెలల్లో కిడ్నీలు ఇంతగా దెబ్బతినడం అరుదు. అందుకే నా అనుమానం ఆ పొడి మీదే. అయితే అందులో ఏముందో తెలియకుండా ఖాయంగా చెప్పలేను. ఆ రాత్రే ఆయనకు డయాలసిస్ మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఇలాంటి కేసు చూసినప్పుడల్లా మా వృత్తిలోని వారు చాలామంది ‘నాటు మందులన్నీ మోసం’ అని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. నేను అలా అనలేను. ఎందుకంటే ఎండీలో చేరకముందు గోదావరి అవతల ఏజెన్సీలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేశాను. అసలైన అడవి వైద్యం ఎలా ఉంటుందో అక్కడ కళ్లారా చూశాను. అందుకే చెబుతున్నాను. మీ ఇంటికి కొరియర్‌లో వస్తున్నది ఆదివాసీ వైద్యం కాదు. ఆ పేరు మాత్రమే.

వెజ్జు చేసే పని ఇదీ...

మన్యంలో వైద్యం చేసే మనిషిని ఒక్కోచోట ఒక్కోలా పిలుస్తారు. వెజ్జు అంటారు, వడ్డె అంటారు. పాడేరు, అరకు వైపు దిశారి, గురుమాయి అన్న మాటలు వినిపిస్తాయి. నేను పనిచేసిన చోట వెజ్జు అనేవాళ్లు. ఆయనకు డబ్బా లేదు, దుకాణం లేదు. ఆయనకంటూ పొలం ఉంది, పోడు ఉంది. ఎవరైనా వచ్చి పిలిస్తే చెయ్యి కడుక్కుని బయల్దేరతాడు.

ఆయన ముందు మనిషిని చూస్తాడు. నాలుక చూస్తాడు, పొట్ట నొక్కుతాడు, ఏం తిన్నావని అడుగుతాడు. రోగి ఎవరి బిడ్డో, ఆ ఇంట్లో ఎవరికి ఏ జబ్బు ఉందో, నిరుడు వానాకాలంలో ఏమైందో అంతా ఆయనకు తెలుసు. తర్వాత అడవికి వెళ్లి ఆకో, వేరో, బెరడో తెస్తాడు. అప్పటికప్పుడు మన కళ్ల ముందే నూరి ఇస్తాడు. మూడు పూటలో, మూడు రోజులో. దానికి తోడు పథ్యం. తర్వాత మళ్లీ వచ్చి చూస్తాడు. తగ్గితే ఒక కోడో, కాసిన్ని గింజలో. తగ్గకపోతే ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. రేపు మళ్లీ ఆ మనుషుల మధ్యే ఆయన బతకాలి.

ఇందులో నాలుగు రక్షణలు ఉన్నాయి, గమనించండి. మందు ఇచ్చే మనిషి ఎవరో తెలుసు. మొక్క ఏదో ఆయనకు తెలుసు. కొద్ది రోజులే వాడతారు. తేడా వస్తే అడగడానికి మనిషి పక్కనే ఉన్నాడు. కొరియర్ డబ్బాలో ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు.

ఇంకో మాట. జ్వరం, విరేచనాలు, గాయాలు, విరిగిన ఎముకలు, తేలు కాటు, కాన్పు... వెజ్జు అనుభవమంతా వీటి మీదే. నేను పనిచేసిన రెండేళ్లలో ఏ వెజ్జూ షుగర్‌కు మందు ఇవ్వగా చూడలేదు. షుగర్ పరీక్షే ఎరుగని పల్లెల్లో దానికి తరతరాల మందు ఎక్కడి నుంచి వస్తుంది? బస్టాండుల దగ్గర, జాతరల్లో పూసలూ ఈకలతో గుడారం వేసి ‘కోయదొర మందులు’ అమ్మడం మీరు చిన్నప్పటి నుంచీ చూసే ఉంటారు. కోయల ఊళ్లలో తిరిగినన్నాళ్లూ ఆ వేషం వేసుకున్న వెజ్జు నాకు ఒక్కడూ కనిపించలేదు.

నేను చేసిన తప్పు

అక్కడికి వెళ్లిన కొత్తలో నాకు ఇవేవీ తెలియవు. చదువు తాజాగా ఉంది, ఓపిక తక్కువగా ఉంది. ఒకరోజు ఒక అమ్మమ్మ మనవణ్ని తీసుకొచ్చింది. బిడ్డ పొట్ట మీద చురకలు పెట్టిన మచ్చలున్నాయి. మెడలో తాయెత్తు. నాకు కోపం వచ్చింది. నలుగురి ముందూ ఆమెను గట్టిగా తిట్టాను. ‘ఇంకోసారి వెజ్జు దగ్గరికి వెళ్లి ఇక్కడికి రావద్దు’ అన్నాను. ఆమె తల వంచుకుని మందులు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ మాట ఆమె అలాగే పట్టుకుంది. కొన్ని వారాల తర్వాత అదే బిడ్డకు చలిజ్వరం వచ్చింది. మొదట వెజ్జు దగ్గరికి వెళ్లారు. ఆయన ఒక రోజు చూసి, ‘ఇది నా వల్ల కాదు, ఆసుపత్రికి తీసుకుపోండి’ అన్నాడట. కానీ వెజ్జు దగ్గరికి వెళ్లి వచ్చామని తెలిస్తే డాక్టరు తిడతాడని రెండు రోజులు ఆగారు. తెచ్చేసరికి బిడ్డకు ఫిట్స్ వస్తున్నాయి. ఫాల్సిపారం మలేరియా మెదడుకు ఎక్కింది. పెద్దాసుపత్రికి పంపాను. దారిలోనే పోయాడు.

ఆ రెండు రోజుల్లో ఒక చుక్క రక్తం కిట్ మీద వేసి, మాత్రలు మొదలుపెట్టి ఉంటే ఆ బిడ్డ బతికేవాడని ఇప్పటికీ అనుకుంటాను. ఆలస్యం చేసింది వెజ్జు కాదు, నేనే.

తర్వాత ఆ వెజ్జును వెతుక్కుంటూ వెళ్లాను. ముసలాయన. నన్ను నిలదీయలేదు. చాప వేసి కూర్చోబెట్టి ఒక్క మాట చెప్పాడు. ‘‘డాక్టరు బాబూ, చలి పెట్టి వణికే జరాన్ని నీ కాడికే తోల్తా. నువ్వు మాత్రం నా కాడికొచ్చినోళ్లని తిట్టమాక.’’

ఒప్పుకున్నాను. ఆ తర్వాత మా కేంద్రానికి వచ్చిన జ్వరం కేసుల్లో ఎందరో ఆయన పంపినవాళ్లే. చెట్టు కింద నుంచి మా గేటు దాకా ఒక దారి పడింది. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పనుల్లో అదొకటి. అయితే దాని వెల ఒక బిడ్డ ప్రాణం.

అలాగని అక్కడ జరిగేదంతా మంచిదే అనను. చురకలు పెట్టడం తప్పే. జబ్బుకు కారణం ఫలానా వాళ్ల చిల్లంగి అని చెప్పి ఒకరి మీద అనుమానం రేపడం మరీ పెద్ద తప్పు. దానివల్ల మన్యంలో హత్యలు జరిగాయి. వీటిని గట్టిగా ఆపాల్సిందే. కానీ ఆపడానికి ముందు ఆ మనిషితో మాట్లాడే చనువు ఉండాలి.

మన మందుల పెట్టెలోనూ అడవి ఉంది

ఆకులూ వేళ్లతో వైద్యమా అని నవ్వేవాళ్లకు ఒక సంగతి గుర్తుచేస్తాను. నేను రోజూ రాసే మందుల్లో కొన్ని అక్కడి నుంచి వచ్చినవే.

గుండె బలహీనపడినవారికి ఇచ్చే డిగాక్సిన్ కుటుంబపు మందుకు మూలం ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్క. ఇంగ్లండ్‌లో ఒళ్లు వాచినవారికి ఒక పల్లెటూరి ముసలమ్మ ఇచ్చే కషాయం గురించి విని, విలియం విదరింగ్ అనే డాక్టరు దానిమీద ఏళ్ల తరబడి పరిశీలన చేసి 1785లో పుస్తకం వేశాడు. మన సర్పగంధ వేరు బీపీని తగ్గిస్తుందని ముంబై వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ వైద్య పత్రికలో రాశాక ప్రపంచం దృష్టి దానిమీద పడింది. దాన్నుంచి తీసిన రెసర్పిన్ ఆధునిక వైద్యంలో తొలి బీపీ మందుల్లో ఒకటైంది. ఈరోజు ఏజెన్సీలో ఫాల్సిపారం మలేరియాకు ఆశా కార్యకర్త ఇచ్చే ఏసీటీ మాత్రల్లోని ఆర్టెమిసినిన్ కూడా చైనా సంప్రదాయ వైద్యంలోని మొక్క నుంచి వచ్చిందే. పాత వైద్య గ్రంథంలో ఆ మొక్కను చల్లటి నీళ్లలో నానబెట్టి పిండమని ఉండటం చూసి, వేడి తగలకుండా దాని సారాన్ని తీసిన తు యూయూకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది.

పాము కరిచినప్పుడు మేం ఎక్కించే యాంటీ వీనమ్ సంగతి మరీ విశేషం. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర... ఈ నాలుగింటి విషం ఉంటేనే ఆ మందు తయారవుతుంది. ఆ విషాన్ని ప్రధానంగా అందిస్తున్నది తమిళనాడులోని ఇరుళ ఆదివాసీలు. చెన్నై దగ్గర 1978లో వాళ్లు పెట్టుకున్న సహకార సంఘం పాములను పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తుంది. ఇరుళ పాముల నిపుణులు వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అర్ధరాత్రి మా వార్డులో ఒక రైతు ప్రాణం నిలబడిందంటే అందులో ఆదివాసీల తెలివి ఉంది.

ఈ కథలన్నిటిలో ఒక్క పోలిక చూడండి. జనం దగ్గర ఉన్న తెలివిని ఎవరో గౌరవంగా విన్నారు. తర్వాత పరీక్షకు పెట్టారు. ఎంత మోతాదులో మేలు చేస్తుందో, ఎంత దాటితే చంపుతుందో తేల్చారు. ఆ తర్వాతే రోగి నోట్లో వేశారు. విదరింగ్ పుస్తకంలో మందు ఎక్కువైతే ఏమవుతుందో కూడా ఉంది. డబ్బా మీద ఫోన్ నంబరు వేసినవారు ఆ పని చేయలేదు.

మొక్క కాబట్టి మంచిదేనా?

‘పనిచేయకపోయినా నష్టం లేదు కదా డాక్టర్’ అనేది నేను వారానికి పదిసార్లు వినే మాట. పనిచేసే ప్రతి మందుకూ నష్టం చేసే శక్తి ఉంటుంది, అది మొక్క అయినా మాత్ర అయినా. అడవినాభి దుంపలో ఉండే కాల్చిసిన్‌ను గౌట్ నొప్పులకు మేం అర మిల్లీగ్రాము మాత్రగా ఇస్తాం. అదే దుంప తిన్నవారు వాంతులు, విరేచనాలతో మొదలై, శరీరంలో ఒక్కో అవయవం దెబ్బతిని చనిపోతారు.

1990ల మొదట్లో బెల్జియంలో ఒళ్లు తగ్గడానికి చైనా మూలికల మాత్రలు వాడిన వంద మందికి పైగా మహిళల కిడ్నీలు పాడయ్యాయి. కారణం వెతికితే, ఒక మూలికకు బదులు దాదాపు అదే పేరున్న ఇంకో మూలిక కలిసిందని తేలింది. అది అరిస్టలోకియా జాతి మొక్క. వారిలో చాలామందికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ జాతి మొక్కలున్న మందులను క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో పెట్టింది. ఇదంతా మనకెందుకంటారా? మన ఈశ్వరవేరు, గాడిదగడపాకు ఆ జాతివే. అడవిలో ఒకసారి పాము కాటుకో, పుండుకో వాడటం వేరు. పొడిచేసి నెలల తరబడి మింగించడం వేరు.

తిప్పతీగ సంగతీ చెప్పాలి. కొవిడ్ రోజుల్లో ఇంటింటా కషాయం కాచుకున్నాం. 2021లో ముంబై వైద్యులు, తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న ఆరుగురి వివరాలు ప్రచురించారు. వాళ్లు వాడినది అసలు తిప్పతీగే కాకపోవచ్చని ఆయుష్ శాఖ అభ్యంతరం చెప్పింది. ఎవరి మాట నిజమైనా మనం నేర్చుకోవాల్సింది ఒకటే. ఏ తీగో గుర్తుపట్టలేనివాడు దాన్ని తాగకూడదు.

వీటికి తోడు కల్తీ. కీళ్ల నొప్పులకు ‘అడవి పొడి’ వాడి రెండే రోజుల్లో మంత్రం వేసినట్టు తగ్గిందని సంబరపడేవారిని చూస్తే నాకు భయమేస్తుంది. ఆకుపసరు అంత వేగంగా పనిచేయదు. స్టెరాయిడ్ చేస్తుంది. నాలుగు నెలల తర్వాత వాళ్లే ఉబ్బిన ముఖంతో, పలచబడిన చర్మంతో, ఎన్నడూ లేని షుగర్‌తో మా దగ్గరికి వస్తారు.

‘మావాళ్లకు తగ్గింది’

కామెర్లకు పసరు తాగితే తగ్గిందని మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు చెబుతారు. నిజమే, తగ్గి ఉంటుంది. కలుషిత నీటివల్ల వచ్చే హెపటైటిస్-ఎ, ఇ చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పసరు తాగినా తగ్గుతాయి, తాగకపోయినా తగ్గుతాయి. కానీ కామెర్లు అనేది ఒక జబ్బు కాదు, లక్షణం. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా కళ్లు పచ్చబడతాయి, క్యాన్సర్ గడ్డ అయినా పచ్చబడతాయి. నిండు గర్భిణికి హెపటైటిస్-ఇ వస్తే ప్రాణం మీదికి వస్తుంది. వీళ్లను పసరు కోసం ఊరూరా తిప్పితే పోయేది సమయం.

పాముకాటుదీ ఇదే లెక్క. మన చుట్టూ తిరిగే పాముల్లో చాలావాటికి విషం ఉండదు. విషపాము కూడా ఒక్కోసారి విషం దింపకుండా కరుస్తుంది. వాళ్లంతా మంత్రానికి బతికినట్టే కనిపిస్తారు. విషం నిజంగా ఎక్కినవాళ్లను మాత్రం వేరు కాపాడలేదు. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన తెలుగు నేలా ఉంది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. పల్లెల్లో మొదట కబురు వెళ్లే వెజ్జును కలుపుకోకుండా అది సాధ్యమని నేననుకోను.

తెలివి వారిది, లాభం ఎవరిది?

మనం అడవి మందుకు డబ్బు ఇస్తున్నాం. అది అడవికి చేరుతోందా? కేరళలోని అగస్త్య కొండల్లో 1987లో శాస్త్రవేత్తలకు దారి చూపిన కాణి ఆదివాసీలు ఒక మొక్క కాయలు నములుతూ అలుపు లేకుండా నడిచారు. ఆ మొక్క ఆరోగ్యపచ్చ. దానితో తిరువనంతపురం పరిశోధన సంస్థ ‘జీవని’ అనే మందు తయారుచేసి, వచ్చిన ఫీజులోనూ రాయల్టీలోనూ సగం కాణిలకు ఇవ్వాలని నిర్ణయించింది. దానికోసం 1997లో ఒక ట్రస్టు ఏర్పడింది. ఆకు సేకరణకు అటవీ శాఖ అభ్యంతరాలతో తర్వాత ఇబ్బందులు వచ్చినా, ‘తెలివి మీది కాబట్టి వాటా మీది’ అని ఒప్పుకోవడం గొప్ప విషయం.

చట్టంలోనూ ఆ హక్కు ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం లాభాల్లో వాటా గురించి చెబుతుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆదివాసీల సంప్రదాయ జ్ఞానాన్ని వారి సామూహిక హక్కుగా గుర్తించింది. కానీ ఆయుర్వేద గ్రంథాల్లో రాసి ఉన్న జ్ఞానాన్ని కాపాడినంతగా, నోటిమాటగా ఉన్న వెజ్జు జ్ఞానాన్ని కాపాడటం లేదు. 2023 సవరణతో గ్రంథాల్లో నమోదైన జ్ఞానాన్ని వాడుకునేవారికి వాటా చెల్లింపు నుంచి మినహాయింపు వచ్చింది. వెజ్జు చెప్పింది రేపు ఎవరో పుస్తకంలో రాసేస్తే అప్పుడు ఆ వాటా ఎవరిది? ఈ ప్రశ్నకు ప్రభుత్వం స్పష్టమైన జవాబు చెప్పాలి.

ఇంకో విడ్డూరం. మనం ఆదివాసీ మందు కోసం వెతుకుతుంటే, ఆదివాసీకి మన మందు అందడం లేదు. సికిల్ సెల్ రక్తహీనతను మన దేశంలో మొదట 1952లో నీలగిరి కొండల్లో గుర్తించారు. దాని నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలైంది 2023లో. హైడ్రాక్సీయూరియా మాత్ర క్రమంగా వేసుకుంటే ఆ పిల్లలకు ఒళ్లు నొప్పుల బాధ బాగా తగ్గుతుంది. ఆ నొప్పులకు వెజ్జు పసరు రాస్తూ ఉంటాడు, ఆయన తప్పేమీ లేదు. ఆయనకు చెప్పినవాడు లేడు. సంప్రదాయ వైద్యులను అవసరమైన చోట శిక్షణ ఇచ్చి ప్రాథమిక ఆరోగ్యంలో కలుపుకోవాలని 1978లోనే ఆల్మా ఆటా ప్రకటన చెప్పింది. మన దగ్గర క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వారి ధ్రువీకరణ పథకం ఒకటుంది. నేను కోరేది అంతకన్నా చిన్నది. ప్రతి ఏజెన్సీ పీహెచ్‌సీ డాక్టరు తన పరిధిలోని వెజ్జులతో నెలకోసారి కూర్చోవాలి. ఏ లక్షణం కనిపిస్తే వెంటనే పంపాలో చెప్పాలి. వాళ్లు చెప్పేదీ వినాలి. పంపినవారిని తిట్టకూడదు.

మీ ఇంట్లో ఇవి పాటించండి

• డబ్బా మీద తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, అందులో ఏమున్నాయో, గడువు తేదీ లేకపోతే ఆ మందు వాడొద్దు. మూలిక వైద్యమే కావాలనుకుంటే రిజిస్టరైన ఆయుర్వేద వైద్యుణ్ని నేరుగా కలవండి.

• షుగర్, క్యాన్సర్ వంటివి నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. అలాంటి ప్రకటన కనిపిస్తే అదే మొదటి హెచ్చరిక అనుకోండి.

• ఏ పొడి కోసమూ ఇన్సులిన్, బీపీ, గుండె, ఫిట్స్, థైరాయిడ్, టీబీ మందులు ఆపొద్దు.

• వాడుతున్న పసర్లు, పొడులు డాక్టరు దగ్గర దాచొద్దు. ఆపరేషన్‌కు ముందు తప్పనిసరిగా చెప్పండి. మేం తిడతామని భయపడొద్దు. తిడితే తప్పు మాది.

• గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు, కిడ్నీ, లివర్ జబ్బులున్నవారు సొంతంగా మూలికలు వాడకూడదు.

• కళ్లు పచ్చబడినా, మూత్రం తగ్గినా, కాళ్లు వాచినా, ఆగకుండా వాంతులైనా పొడి ఆపి, ఆ డబ్బాతో సహా ఆసుపత్రికి రండి. నెలల తరబడి వాడిన నొప్పుల పొడిలో స్టెరాయిడ్ ఉంటే, దాన్ని ఉన్నట్టుండి మానేయడమూ ప్రమాదమే. అందుకే ఆపిన రోజే వైద్యుణ్ని కలవండి.

• పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.

• అడవి బిడ్డలకు మేలు చేయాలని ఉంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో తేనె, నన్నారి షర్బత్ కొనండి. ఆ సంస్థ 1956 నుంచి ఆదివాసీల దగ్గర అటవీ ఉత్పత్తులు కొంటోంది.

ఆ పెద్దాయనకు మూడు వారాలు డయాలసిస్ చేశాం. క్రియాటినిన్ 2.4 దగ్గర ఆగింది. ఇప్పుడు డయాలసిస్ అవసరం లేదు గానీ, ఆ కిడ్నీలు మునుపటిలా కావు. డిశ్చార్జి రోజున ఆయన కొడుకు ఆ డబ్బా మీది నంబరుకు నా ముందే ఫోన్ చేశాడు. స్విచాఫ్.

మా ఏజెన్సీ వెజ్జు కూడా మందు ఇచ్చేవాడు. కొన్నిసార్లు అది పనిచేసేది కాదు. కానీ తెల్లారితే ఆయన ఆ ఇంటి గుమ్మంలో ఉండేవాడు.